ఏడాది నిల్వలు, నెల సరుకులు, వారం కూరగాయలు: ఇంటి కొనుగోలుకు ఒక లెక్క

సంపాదకులు గారికి,
నమస్కారం.

నిత్యావసరాల ధరల గురించి మీ పత్రిక తరచుగా రాస్తూనే ఉంది. టమాటా ఎక్కడికి ఎగబాకింది, ఉల్లి ఎక్కడికి దిగజారింది, దిగుమతి నూనెల మీద కేంద్రం సుంకం పెంచిందా తగ్గించిందా అన్న సమాచారం మాకు ఎప్పటికప్పుడు అందుతోంది. ధరలను మార్చడం గృహస్థుల చేతిలో లేదు కాబట్టి ఆ వార్తలు చదివి నిట్టూర్చి పక్కన పెట్టడమే జరుగుతోంది. కానీ ఏ వస్తువును ఎంత కాలానికి సరిపడా కొనాలి, ఎంత పరిమాణంలో కొనాలి అన్న నిర్ణయం మాత్రం పూర్తిగా ఇంటివాళ్ల చేతిలోనే ఉంది. డబ్బు నిజంగా మిగిలేది అక్కడేనని, అందులోనూ వారానికొకసారి పద్ధతిగా చేసే కొనుగోలును నగరాల్లో మనం దాదాపు వదిలేశామని నా అభిప్రాయం. చాలాకాలం ఒక సంస్థలో జమాఖర్చులు చూసి ఉద్యోగ విరమణ చేసిన గృహిణిగా, ఈ విషయం మీద నాలుగు మాటలు మీ పాఠకులతో పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా తరం ఉద్యోగుల ఇళ్లలో ఒకటో తారీఖున జీతం చేతికి రాగానే నెల సరుకుల చీటీ రాసి కిరాణా కొట్టుకు పంపడం, కూరగాయలకు సంచి పట్టుకుని సంతకో మార్కెట్టుకో వెళ్లడం రివాజు. ఇప్పుడు నెల సరుకుల చీటీ సూపర్ మార్కెట్టు తోపుడు బండిగా మారింది. సంత స్థానంలోకి పది నిమిషాల్లో సరుకు గుమ్మం ముందుకు తెచ్చే ఫోన్ యాప్‌లు వచ్చాయి. ఈ రెండో మార్పే ఎక్కువ ఖరీదైనది. కొత్తిమీర కట్ట కోసం ఫోన్ తీస్తే, రవాణా రుసుము తప్పించుకోవడానికి బిల్లు ఒక మొత్తం దాటించాలి కాబట్టి చిప్స్ పొట్లం, ఐస్‌క్రీం, ఇంట్లో ఇప్పటికే ఉన్న సాంబారు పొడి కూడా వచ్చి చేరతాయి. దాటించకపోతే రవాణా రుసుము, నిర్వహణ రుసుము కలిసి కొత్తిమీర ధరను మించిపోతాయి. ఒక్కో బిల్లు చూస్తే రెండు మూడు వందలే కనిపిస్తుంది. నెలాఖరున బ్యాంకు ఖాతా తీసి అన్నీ కలిపి చూసినప్పుడే అసలు మొత్తం తెలుస్తుంది. ఆ యాప్‌లను నిందించడం నా ఉద్దేశం కాదు. ఇంట్లో జ్వరంతో ఉన్న మనిషికి, ఒంటరిగా ఉండే వృద్ధులకు అవి నిజంగానే ఉపకారం చేస్తున్నాయి. అత్యవసరానికి పుట్టిన సౌకర్యం రోజువారీ అలవాటుగా మారడమే ఇబ్బంది.

కేంద్ర గణాంక శాఖ 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పట్టణవాసి తలసరి నెల ఖర్చు సగటున 6,996 రూపాయలు, గ్రామీణుడిది 4,122 రూపాయలు. ఇందులో ఆహారం వాటా పట్టణంలో దాదాపు 40 శాతం, పల్లెలో దాదాపు 47 శాతం. అంటే నలుగురున్న సగటు పట్టణ కుటుంబం తిండికి నెలకు సుమారు 11 వేల రూపాయలు పెడుతోంది. అదే సర్వేలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం మరొకటి ఉంది. పట్టణాల్లో ఆహారంపై పెట్టే ఖర్చులో అతి పెద్ద పద్దు బియ్యమూ కాదు, పాలూ కాదు. పానీయాలు, బయట తినే తిండి, తయారై వచ్చే ఆహారపదార్థాలు. మొత్తం ఖర్చులో వీటి వాటా సుమారు 11 శాతం ఉంటే, కూరగాయల వాటా అందులో సగం కూడా లేదు. ధరలు పెరిగినప్పుడు మనం బేరమాడేది మాత్రం కూరగాయల దగ్గరే. పొదుపు పేరుతో మొదట కోత పడేది పావుకిలో బెండకాయల మీద, రెండు కట్టల తోటకూర మీద. ఈ వరుస తలకిందులుగా ఉందని చెప్పడానికి పెద్ద ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

ఇంటికి కావలసిన సరుకులన్నిటినీ ఒకే కాలవ్యవధికి కొనడం మొదటి పొరపాటు. కొన్ని ఏడాదికోసారి, కొన్ని నెలకోసారి, కొన్ని వారానికోసారి, పాలు పెరుగు వంటివి ఏ రోజుకారోజు కొనవలసినవి. ఏడాది నిల్వల సంగతి మన అమ్మమ్మలకు కొట్టిన పిండే. కొత్త చింతపండు, ఎండుమిర్చి, పసుపు మార్కెట్టుకు విరివిగా వచ్చేది శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా. గుంటూరు, ఖమ్మం, వరంగల్ ఎనుమాముల యార్డులకు మిర్చి బస్తాలు వరుసకట్టే ఆ రోజుల్లో కొని, ఎర్రటి ఎండలో ఎండబెట్టి, తొడిమలు తీసి కారం పట్టించుకుంటే, వర్షాకాలంలో వంద గ్రాముల పొట్లాలు కొనే అవసరం ఉండదు. కందులు కూడా అంతే. తాండూరు ప్రాంతంలో కొత్త కంది సంక్రాంతికి అటూ ఇటూగా మార్కెట్టుకు వస్తుంది. నిల్వ పెట్టుకునే చోటు, ఒక్కసారిగా పెట్టగలిగే డబ్బు ఉన్నవారు కందిపప్పును ఆ రెండు మూడు నెలల్లో తెచ్చుకుని, బాగా ఎండబెట్టి, గాలి చొరబడని డబ్బాల్లో ఎండుమిరపకాయలు వేసి పెట్టుకోవచ్చు. అపార్ట్‌మెంట్లో ఎండ తగలని ఇంట్లో ఉండేవారు మాత్రం ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. పురుగు పట్టిన పప్పు ఎంత చౌకగా కొన్నా ఖరీదైనదే. బేగంబజారుకో మలక్‌పేట గంజ్ మార్కెట్టుకో వెళ్లేటప్పుడు ఇరుగుపొరుగు రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లి, పెద్ద మొత్తంలో కొని పంచుకుంటే ఆటో ఖర్చు కూడా పంచుకున్నట్టవుతుంది.

నెల సరుకులకు వస్తే, కొనడానికి ముందు తెలుసుకోవలసినది వాడకం. ఎంత వాడుతున్నామో తెలియని ఇంట్లో ఎంత కొనాలో ఎవరూ చెప్పలేరు. నూనెనే తీసుకుందాం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కేలరీల ఆహారం తీసుకునే పెద్దవారికి కంటికి కనిపించే నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు చాలని చెప్పారు. నలుగురికి నెలకు ఇది సుమారు మూడుంపావు కిలోలు. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, నెయ్యి కూడా కలుపుకుని మూడున్నర లీటర్లు దాటవలసిన పని లేదు. మన ఇళ్లలో ఐదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండానే అయిపోతోందంటే, ధర కంటే ముందు మూకుడు సంగతి చూసుకోవాలి. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచే వస్తోంది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల కస్టమ్స్ సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచి, 2025 మే చివరలో మళ్లీ 10 శాతానికి తగ్గించారు. ఇటువంటి ఎగుడుదిగుళ్లను మనం ఆపలేం. నెలకు ఒక లీటరు తగ్గించుకోవడం మాత్రం ఎవరి అనుమతీ లేకుండా చేయగలిగిన పని.

బియ్యం విషయంలో రెండు సంగతులు గమనించాలి. 2022 జులై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి 25 కిలోల వరకు ఉన్నవాటిపై 5 శాతం జీఎస్టీ పడుతోంది. మన మార్కెట్లలో 25 కిలోల బస్తా పక్కన 26 కిలోల బస్తా కనిపించడం వెనుక కారణం ఇదే. అదే కొట్లో విడిగా తూచి ఇచ్చే పప్పుపై ఆ పన్ను లేదు. కాబట్టి ప్యాకెట్టు మీద రంగుల బొమ్మ కోసం కాక, శుభ్రత కోసం ఆ తేడా పెడుతున్నామా అన్నది చూసుకోవాలి. రెండోది, తెలంగాణలో 2025 ఉగాది నాడు ప్రారంభమైన సన్నబియ్యం పంపిణీ. కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు ఆరు కిలోల చొప్పున నలుగురికి 24 కిలోలు వస్తాయి. ఇంచుమించు ఒక బస్తా. ఆ బియ్యం ఇంటికి తెచ్చుకుంటున్న కుటుంబాలు నెల చీటీలో బియ్యం పద్దును ఆ మేరకు కొట్టివేయాలి. అలవాటు కొద్దీ బస్తా కూడా దింపించుకుని, రెండూ పోగుపడి, చివరకు రేషను బియ్యాన్ని ఎవరికో తక్కువకు ఇచ్చేయడం కొన్ని ఇళ్లలో జరుగుతోంది. అది చట్టరీత్యా తప్పు అన్న సంగతి అలా ఉంచి, లెక్క ప్రకారం చూసినా నష్టమే.

ప్యాకెట్టు సరుకుల విషయంలో కొనుగోలుదారుకు చట్టం ఇచ్చిన ఒక మంచి ఆయుధాన్ని మనం వాడుకోవడం లేదు. ప్యాకేజీ వస్తువుల నిబంధనలకు 2021లో చేసిన సవరణ ద్వారా, కొన్ని రకాల సరుకులు ఫలానా బరువుల్లోనే అమ్మాలన్న పాత షరతును తొలగించి, అందుకు బదులుగా ఒక్కో యూనిట్ ధరను ప్యాకెట్టు మీద ముద్రించాలన్నారు. కిలో కంటే తక్కువ బరువున్నదాని మీద గ్రాము ధర, ఎక్కువ ఉన్నదాని మీద కిలో ధర ఉంటుంది. పాత షరతు పోయినందువల్ల లీటరు నూనె ప్యాకెట్టు పక్కనే అంతే ఎత్తు, అంతే వెడల్పు ఉన్న తక్కువ బరువు ప్యాకెట్టు పెట్టి, నాలుగు రూపాయలు తక్కువకు అమ్ముతున్నారు. ధర తక్కువని చేతిలోకి తీసుకున్నది గ్రాము లెక్కన చూస్తే ఎక్కువ పడుతుంది. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చౌక అన్న నమ్మకమూ సరికాదు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న పథకంలో చిన్నవి రెండు కలిసి పెద్దదాని కంటే తక్కువకు వచ్చే సందర్భాలున్నాయి. కంటికి ఆనని సన్నటి అక్షరాల్లో ఉన్న ఆ యూనిట్ ధర ఒక్కటే నిజం చెబుతుంది. మరో మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్న, బిస్కెట్లు, ప్యాకెట్టు మిక్చర్లు, సబ్బులు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. సబ్బు, టూత్‌పేస్టుల మీద మిగిలినదానిని మిక్చర్ ప్యాకెట్ల మీద పెట్టేస్తే ఆ తగ్గింపు ఇంటికి చేరినట్టు కాదు.

ఇక వారం కొనుగోలు. ఈ లేఖలో ముఖ్యంగా చెప్పదలచినది దీని గురించే. పైన పేర్కొన్న మార్గదర్శకాల్లోనే ఆకుకూరలతో కలిపి కూరగాయలు మనిషికి రోజుకు 400 గ్రాములు తినాలని చెప్పారు. నలుగురికి వారానికి ఇది 11 కిలోల పైమాట. మనలో చాలామంది తెచ్చేది ఇందులో సగం. అందువల్ల వారం కొనుగోలులో పొదుపు అంటే కూరగాయలు తక్కువ తేవడం కాకూడదు. తెచ్చినవన్నీ కంచంలోకి చేరేలా చూడటం కావాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదికలో మన దేశపు ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అంచనా వేశారు. నలుగురున్న ఇంటికి వారానికి నాలుగు కిలోల పైనే. ఇందులో తొక్కలు, గింజలు, ముచ్చికల వంటి తినలేని భాగాలు కూడా కలిసి ఉన్నాయి, నిజమే. కానీ ఫ్రిజ్ అడుగు అరలో నల్లబడిన కొత్తిమీర, మెత్తబడిన కీర, మొలకెత్తిన బంగాళాదుంప కూడా అందులోనివే కదా. కిలోకు ఐదు రూపాయలు తగ్గించమని గీచి గీచి బేరమాడి తెచ్చిన వంకాయల్లో పావు వంతు పుచ్చిపోయి పారబోస్తే, ఆ బేరం ఎవరికి లాభించినట్టు?

వారానికి సరిపడా ఒకేసారి తెస్తే వాడిపోతాయి కదా అన్నది అందరి అభ్యంతరం. దీనికి సమాధానం వండే వరుసలో ఉంది. ఆదివారం తెచ్చిన పాలకూర, చుక్కకూర, మెంతికూర సోమ, మంగళవారాల్లో పప్పులోకి వెళ్లిపోవాలి. బెండకాయ, బీరకాయ, వంకాయ, చిక్కుడు బుధ, గురువారాల దాకా నిలుస్తాయి; దొండకాయ, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ ఇంకో రెండు రోజులు ఆగుతాయి. వారం చివరికి మిగలవలసినవి కంద, చామ, బంగాళాదుంప, గుమ్మడి, పప్పుదోసకాయ. పసుపుపచ్చ దోసకాయను ఫ్రిజ్‌లో పెట్టవలసిన పని కూడా లేదు. వంటింటి మూల బుట్టలో వారాలపాటు చెక్కుచెదరకుండా ఉంటుంది. వారాంతం వచ్చేసరికి ఇంట్లో ఏమీ లేదని ఫోన్ అందుకునే అలవాటుకు దోసకాయ పప్పును మించిన మందు లేదు. ఆకుకూరలు కడిగి పెట్టకూడదని, వేళ్లు కోసి, తడి లేకుండా గుడ్డలోనో కాగితంలోనో చుట్టాలని, ఉల్లిపాయలనూ బంగాళాదుంపలనూ ఒకే బుట్టలో పోయకూడదని మన పెద్దవాళ్లు చెప్పినవన్నీ ఇప్పటికీ పనిచేస్తాయి.

చీటీ రాసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. పత్రికల్లో వచ్చే వారపు వంటల పట్టికలు, సోమవారం ఫలానా కూర, మంగళవారం ఫలానా కూర అని ముందే గీసిపెట్టేవి, మన మార్కెట్టుకు సరిపడవని నా అనుభవం. సోమవారానికి కాకరకాయ అని రాసుకుని వెళితే ఆ రోజు కాకరకాయ ముదిరిపోయి ఉండవచ్చు, లేదా దాని పక్కన లేత సొరకాయ సగం ధరకే దొరుకుతూ ఉండవచ్చు. మన భోజనానికి సహజంగానే ఒక చట్రం ఉంది: ఒక పప్పు, ఒక వేపుడు లేదా ఇగురు, ఒక పులుసు లేదా చారు, ఒక పచ్చడి. చీటీలో ఈ చట్రాన్ని రాసుకుంటే చాలు; రెండు పూటలకు పప్పులోకి ఆకుకూర, మూడు పూటలకు వేపుడు కూర, రెండు పూటలకు పులుసు కూర, రోటిపచ్చడికి ఏదో ఒకటి. ఆ ఖాళీల్లో ఏ కూరగాయ నింపాలన్నది బజారులో ఆనాటి నాణ్యత, ధర చూసి నిర్ణయించుకోవాలి. పరిమాణం మాత్రం ఇంట్లోనే తేల్చుకుని వెళ్లాలి. చీటీ రాసే ముందు ఫ్రిజ్, డబ్బాలు, ఉల్లి బుట్ట తెరిచి చూడటం తప్పనిసరి. జీలకర్ర ఉండగానే మళ్లీ జీలకర్ర కొనని ఇల్లు బహుశా ఉండదేమో.

పంచాంగం కూడా ఈ చీటీలో భాగమే. శ్రావణం, కార్తీకం వచ్చాయంటే మాంసాహారం మానేసే ఇళ్లు పెరిగి చికెన్ ధర దిగుతుంది, కూరగాయలు, అరటిపళ్ల ధర ఎక్కుతుంది. వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు పూలు, కొబ్బరికాయలు కొనేవారు చెల్లించే ధర అందరికీ తెలిసినదే. కొబ్బరికాయలను ముందు వారం చీటీలోనే చేర్చుకుంటే సరిపోతుంది; పూలను ఎలాగూ ఆపలేం. కోడిగుడ్డు ధర చలికాలంలో పెరిగి ఎండాకాలంలో తగ్గడం సాధారణం. టమాటా సంగతి మరీ విచిత్రం. 2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాటా వంద రూపాయలు దాటి పరుగెత్తినప్పుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు ఇప్పించవలసి వచ్చింది; జనం వరుసల్లో నిలబడ్డారు. సరిగ్గా ఆ వానాకాలంలోనే వాక్కాయలు వస్తాయి. చుక్కకూర, గోంగూర ఎటూ ఉంటాయి, చింతపండు డబ్బాలో ఉండనే ఉంటుంది. మన వంటకు పులుపు కావాలి గానీ టమాటాయే కావాలన్న నియమం లేదు. ఏ కూరలోనైనా రెండు టమాటాలు తరిగి వేసే అలవాటు వచ్చాక వాక్కాయ పప్పు మన పిల్లలకు పరిచయమే లేకుండా పోయింది.

ఎక్కడ కొనాలన్న ప్రశ్నకు నగరవాసికి ఇప్పటికీ మంచి జవాబు రైతు బజారే. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లలో ధరలను హోల్‌సేల్ ధర కంటే కొంత పైన, బయటి చిల్లర ధర కంటే తక్కువగా ఉండేలా నిర్ణయించి, బోర్డు మీద రాయాలన్నది మొదటి నుంచీ ఉన్న ఏర్పాటు. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ బజార్లకు వారానికొకసారి సంచులతో వెళ్లివచ్చే కుటుంబాలు ఆ తేడాను ఎరిగినవే. దగ్గరలో రైతు బజారు లేనివారికి కాలనీల్లో వారానికొక రోజు పెట్టే అంగడి ఉంది. అంగడిలో బోర్డు ఉండదు, బేరం ఉంటుంది. చీకటి పడ్డాక మిగిలిన సరుకును వదిలించుకోవడానికి ధర తగ్గిస్తారు గానీ అప్పటికి మిగిలేవి ఏరగా మిగిలినవే. మరునాడే వండేసే కూరలకు అది మేలు, వారం పాటు దాచుకునేవాటికి కాదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇరవై రూపాయలు కలిసివస్తాయని బోయినపల్లి మార్కెట్టు దాకా కారులో వెళ్లివస్తే ఆ ఇరవై పెట్రోలు బంకులో కట్టినట్టే. వెళ్లే దారిలో ఉన్నది, లేదా నడిచి వెళ్లగలిగినది మనకు చౌక బజారు.

ఇదంతా చేయడానికి తీరిక, ఫ్రిజ్, చేతిలో వారానికి సరిపడా డబ్బు ఉండాలని నాకు తెలుసు. ఏ రోజు కూలి ఆ రోజు అందుకునే కుటుంబానికి వారం చీటీ రాయమని చెప్పడం అన్యాయం. వంద గ్రాముల నూనె పొట్లం, పావు కిలో పప్పు కొనే ఆ ఇంటికే గ్రాము ధర అందరికంటే ఎక్కువ పడుతోంది. స్వయం సహాయక సంఘాల మహిళలు పొదుపు డబ్బుతో నూనె, పప్పు మొత్తంగా కొని పంచుకుంటే ఈ భారం కొంత తగ్గుతుంది. ఇక మధ్యతరగతి ఇళ్లలో మరో చిక్కు ఉంది. చీటీ రాయడం, డబ్బాలు చూసుకోవడం, సంచులు మోయడం, తెచ్చినవి బాగుచేసి సర్దడం అన్నీ ఇంటి ఆడవాళ్ల పద్దులోనే పడుతున్నాయి. అలసిపోయిన మనిషి ఫోన్ అందుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, ఆకుకూర ఒలవడం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని చేయగలిగిన పనులు. అవి పంచుకున్న ఇంట్లోనే వారం కొనుగోలు నాలుగు వారాలకు మించి నిలబడుతుంది.

చివరగా మీకూ, అధికారులకూ కొన్ని విన్నపాలు. కోడిగుడ్ల సమన్వయ కమిటీ ప్రకటించే గుడ్ల ధర, బంగారం ధర పత్రికల్లో రోజూ కనిపిస్తాయి. అదే విధంగా ప్రతి శనివారం మీ జిల్లా అనుబంధంలో ఆ ప్రాంతపు రైతు బజారు ధరలను, పక్కనే క్రితం వారం ధరలతో సహా, ఒక చిన్న పెట్టెలో ప్రచురించండి. పాతిక కూరగాయల పేర్లు పట్టే స్థలం చాలు. ఆదివారం బజారుకు వెళ్లే పాఠకుడు దానిని చూసే చీటీ రాసుకుంటాడు. మార్కెటింగ్ శాఖ వారు రైతు బజార్లలో ధరల బోర్డులను ప్రవేశద్వారం దగ్గరే కాక లోపల వరుసల్లోనూ పెట్టించి, ఉద్యోగాలు ముగించుకుని వచ్చేవారి కోసం వారంలో ఒకటి రెండు రోజులైనా సాయంత్రం పొద్దుపోయేదాకా తాజా సరుకు ఉండే ఏర్పాటు చేయాలి. ఎలక్ట్రానిక్ కాటాలకు ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. కొనుగోలుదారు స్వయంగా సరిచూసుకోవడానికి ప్రతి రైతు బజారులో ఒక తనిఖీ కాటా అందరికీ కనిపించే చోట ఉంచితే తగాదాలు తగ్గుతాయి. ప్యాకెట్ల మీద యూనిట్ ధర లేకపోయినా, ముద్రించిన గరిష్ఠ ధర కంటే ఎక్కువ అడిగినా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చన్న సంగతిని కూడా ఆ ధరల పెట్టె అడుగున ఒక వరుసలో వేయగలరని మనవి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
సికింద్రాబాద్.